న్యూయార్క్‌లో ఎక్కడ తినాలి?

న్యూయార్క్‌లో ఏ రెస్టారెంట్ ముందు నిలబడినా వీధివైపు అద్దం మీద ఒక అక్షరం కనిపిస్తుంది. నీలం రంగులో ‘ఎ’, ఆకుపచ్చలో ‘బి’, నారింజ రంగులో ‘సి’. నగర ఆరోగ్య శాఖ 2010 జులై నుంచి ఇస్తున్న పరిశుభ్రత గ్రేడ్లు ఇవి. ఇన్‌స్పెక్టర్ చెప్పాపెట్టకుండా వస్తాడు, తప్పు కనిపించిన చోటల్లా పాయింట్లు వేస్తాడు. మొత్తం 13 దాటకపోతే ‘ఎ’, 14 నుంచి 27 దాకా ‘బి’, 28, ఆపైన ‘సి’. ఊరికి కొత్తవాళ్ళు, ముఖ్యంగా పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చిన మన పెద్దవాళ్ళు, ఈ అక్షరాన్ని చూసి లోపలికి వెళ్ళాలా వద్దా తేల్చుకుంటారు. వంట బాగుంటుందో లేదో ఆ అక్షరానికి తెలియదు.

అది చెప్పేది పరిశుభ్రత గురించి; అదీ ఒక పద్ధతిలోనే. వేడి పదార్థం 140 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకూడదు, చల్లనిది 41 డిగ్రీలు దాటకూడదు. ఫ్రిజ్‌లోంచి పొయ్యి మీదకు, పొయ్యి మీద నుంచి ప్లేటులోకి వెళ్ళే వంటకు ఈ నియమం సులువుగా అమరుతుంది. చైనావాళ్ళు కాల్చి కొక్కేనికి వేలాడదీసే బాతు, రాత్రంతా బయట పులియాల్సిన పిండి, గది వేడిలో ఊరాల్సిన పచ్చళ్ళు దానికి అంత తేలిగ్గా అమరవు. కాబట్టి ‘బి’ కనిపించగానే వెనుదిరగనక్కర్లేదు. ఏ తప్పులు కనిపించాయో, మొత్తం ఎన్ని పాయింట్లు వేశారో నగర ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎలుకల జాడ ఉందని రాస్తే ఆ గుమ్మం తొక్కకండి. గోడమీద ఉండాల్సిన నోటీసు లేదన్న తప్పయితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ‘గ్రేడ్ పెండింగ్’ అన్న కార్డు ఉంటే గ్రేడు ఇంకా ఖరారు కాలేదని అర్థం. ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు, వృద్ధులు ఉంటే మాత్రం ఈ తప్పుల జాబితా చదివి వెళ్ళడమే మంచిది.

మొదట ఈ అక్షరం గురించే ఎందుకు చెప్పానంటే, ఈ ఊళ్ళో తిండికి దారి చూపుతామనే సాధనాలన్నిటిదీ ఇదే తీరు. గ్రేడ్లు, స్టార్లు, రేటింగులు, జాబితాలు ఒక్కొక్కటీ ఒక్కో సంగతిని కొలుస్తాయి. కొలిచేదేదో తెలుసుకోకుండా నమ్మితే జేబు ఖాళీ అవుతుంది, ఆకలి తీరదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు నిలిచిన మాట ఇది: న్యూయార్క్‌లో ముందు పేట ఎంచుకోవాలి, తరవాత వంట, హోటల్ ఆ తరవాతే. ఎవరి కోసం వండుతున్నారో తెలిస్తే ఎలా వండుతున్నారో చాలావరకు తెలిసినట్టే.

పాత దారి పత్రికలది. క్రెయిగ్ క్లెయిబోర్న్ 1957లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆహార విభాగం సంపాదకుడై, రెస్టారెంట్ సమీక్షకు ఒక కట్టుబాటు తెచ్చాడు. సమీక్షకుడు తన పేరు చెప్పకూడదు, ఒకసారి తిని రాయకూడదు, బిల్లు పత్రికే కట్టాలి. స్టార్లు ఇవ్వడం 1960ల్లో మొదలైంది. ఆ కట్టుబాటు ఎందుకు అవసరమో 1993లో రూత్ రైకల్ అందరికీ తెలిసేలా చేసింది. అప్పట్లో మన్‌హాటన్‌లో సంపన్నులు వెళ్ళే ‘లె సర్క్’ అనే ఫ్రెంచ్ రెస్టారెంట్‌కు ఆమె విగ్గు పెట్టుకుని, మారుపేరుతో, ఎవరో మామూలు మనిషిలా వెళ్ళింది. కూర్చోడానికి చోటివ్వక వేచి ఉండమన్నారు, తరవాత ఒక మూల బల్ల చూపించారు, వడ్డనలో చిన్నచూపు చూశారు. సమీక్షకురాలని గుర్తుపట్టిన రోజు అదే గుమ్మంలో ఆమె కోసం రాజునైనా ఆపుతామన్నంత మర్యాద జరిగింది. రెండు అనుభవాలనూ ఒకే వ్యాసంలో పక్కపక్కన పెట్టి, నాలుగు స్టార్ల రెస్టారెంట్‌ను మూడుకు దించింది. ఇది జరిగి ముప్పై ఏళ్ళు దాటినా ఖరీదైన చోటుకు వెళ్ళేముందు ఈ వ్యాసం గుర్తుంచుకోవాలంటాను. గొప్ప రెస్టారెంట్‌లో మీకు దొరికే భోజనం, అక్కడివాళ్ళకు మీరు ఎవరిలా కనిపిస్తారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. సమీక్షకులందరూ ఇది చెప్పరు. ఎందుకంటే వాళ్ళను గుర్తుపట్టేస్తారు.

టిమ్, నీనా జగాట్ అనే లాయరు దంపతులు 1979లో దీనికి తిరుగులేని మందు కనిపెట్టామనుకున్నారు. ఒక్క పండితుడి మాట ఎందుకు, నలుగురు తినేవాళ్ళను అడుగుదామని మిత్రుల అభిప్రాయాలు పోగుచేసి, వంటకు, అలంకరణకు, సేవకు విడివిడిగా 30కి మార్కులు వేసి అచ్చేశారు. ఆ ముదురు ఎరుపు చిన్న పుస్తకం ఏళ్ళ తరబడి న్యూయార్క్ కోటు జేబుల్లో తిరిగింది. ఆ పుస్తకం మంచితనం ఆ విభజనలోనే ఉంది. వంటకు 25, అలంకరణకు 9 ఉన్న చోటు ఎలాంటిదో చదివినవాడికి వెంటనే తెలిసిపోయేది. ఇవాళ్టి ఆప్‌లు వంటనూ, కుర్చీనీ, సర్వర్ నవ్వునూ కలిపి ఒకే అంకెగా ఇస్తున్నాయి. ఈ విషయంలో మనం వెనక్కే నడిచాం.

మిషెలిన్ గైడు న్యూయార్క్‌కు 2005లో వచ్చింది. ప్లేటులో ఉన్నదాన్ని బట్టే స్టార్ ఇస్తామని, అలంకరణను లెక్కలోకి తీసుకోమని ఆ సంస్థ చెబుతుంది. అయినా స్టార్లలో ఎక్కువ భాగం ఖరీదైన చోట్లకే వెళ్తాయి. సామాన్యుడికి పనికొచ్చేది స్టార్ల జాబితా కాదు, పక్కనే ఉండే ‘బిబ్ గుర్మాండ్’ జాబితా. మితమైన ధరకు మంచి తిండి పెట్టే చోట్లను అందులో చేరుస్తారు. మిషెలిన్ పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని భోజనానికి పిలిస్తే, ఏ జాబితాలోదో అడగడంలో తప్పులేదు.

ఆప్‌ల సంగతికి వద్దాం, ఎందుకంటే ఇవాళ నూటికి తొంభైమంది చూసేది అదే. యెల్ప్ 2004లో సాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. దాని ప్రభావం ఎంతో హార్వర్డ్ ఆచార్యుడు మైఖేల్ లూకా సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయంతో పోల్చి లెక్కగట్టాడు: ఒక్క స్టార్ పెరిగితే స్వతంత్ర రెస్టారెంట్ ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుంది, చెయిన్ రెస్టారెంట్లకు ఆ ప్రభావం లేదు. లాభం అంత ఉన్నచోట మోసం రాకుండా ఉండదు. లూకా, జార్జియోస్ జెర్వాస్ కలిసి బోస్టన్ సమీక్షలు పరిశీలిస్తే, దాదాపు 16 శాతాన్ని యెల్ప్ స్వయంగా అనుమానించి పక్కన పెట్టినట్టు తేలింది. దొంగ సమీక్షలు కొనడాన్ని, అమ్మడాన్ని నిషేధించే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది. నిబంధన వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండలేం.

దొంగవి తీసేసినా మిగిలిన నిజమైన సమీక్షల్లో ఇంకో చిక్కుంది. క్వీన్స్‌లోని ఫ్లషింగ్ పేటలో చైనావాళ్ళ నేలమాళిగ కొట్టుకు మూడున్నర స్టార్లు, మిడ్‌టౌన్‌లో పర్యాటకుల ఇటాలియన్ హోటల్‌కు నాలుగున్నర ఉండటం ఎన్నోసార్లు చూస్తాం. సమీక్షలు తెరిచి చదివితే కారణం కనబడుతుంది. కొట్టుకు స్టార్ తగ్గించినవాళ్ళు రాసేది ‘సర్వర్ నవ్వలేదు’, ‘మెనూ ఇంగ్లీషులో లేదు’, ‘కార్డు తీసుకోలేదు’ అని. తిండి గురించి కాదు. అందుకని అంకె చూడటం మానేసి, రెండు పనులు చేయమంటాను. ఒకటి, తిన్నవాళ్ళు తీసిన ఫొటోలు చూడండి: పది ఫొటోల్లో ఏడింటిలో ఒకే వంటకం ఉంటే ఆ చోటు ప్రత్యేకత అదే. రెండు, మూడు స్టార్లిచ్చినవాళ్ళు రాసింది చదవండి. అయిదిచ్చినవాడు పొగుడుతాడు, ఒకటిచ్చినవాడు తిడతాడు. మూడిచ్చినవాడు ఏం బాగుందో, ఏం బాగాలేదో చెబుతాడు.

ఈ దారులన్నీ ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది ఇంకా పెద్ద ప్రశ్న. జగాట్‌ను 2011లో గూగుల్ కొంది, 2018లో ‘ది ఇన్ఫాచ్యుయేషన్’ అనే సమీక్షల సంస్థకు అమ్మేసింది. ఆ సంస్థను 2021లో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు కొంది. బల్లలు బుక్ చేసే రెజీని 2019లో, టాక్‌ను 2024లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కొంది. ఓపెన్‌టేబుల్ 2014 నుంచి ప్రైస్‌లైన్ వాళ్ళ గుంపులో ఉంది. అంటే ఎక్కడ తినాలో చెప్పేదీ, అక్కడ బల్ల ఇచ్చేదీ చాలావరకు క్రెడిట్ కార్డుల కంపెనీలే అయ్యాయి. ఫలానా కార్డు ఉన్నవాడికి ముందు బల్ల అన్న పద్ధతి ఇందులోంచే పుట్టింది. ఇది నాకు నచ్చని పరిణామం. సమీక్షకుడు తన భోజనం బిల్లు పత్రికతో కట్టించడానికి కారణం ఏదైతే ఉందో, ఆ కారణమే ఇక్కడ మాయమైంది. ఇంకో అడుగు ముందుకేసి కొందరు బల్లలనే సినిమా టిక్కెట్లలా బ్లాకులో అమ్మారు. రెస్టారెంట్ అనుమతి లేకుండా రిజర్వేషన్లు అమ్మే ఆ వ్యాపారాన్ని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసి 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. దేశంలో ఇలాంటి చట్టం చేయడంలో ఈ రాష్ట్రమే ముందు.

మరి సామాన్యుడు పేరున్న చోటుకు వెళ్ళాలంటే? సాయంత్రం ఏడున్నరకు నలుగురికి బల్ల కోసం తిప్పలు పడకుండా, అయిదున్నరకు ఇద్దరు వెళ్ళి బారు దగ్గరి ఎత్తు కుర్చీల్లో కూర్చుంటే చాలా చోట్ల అదే మెనూ దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనం పెట్టే చోటయితే ఇంకా నయం. ఏడాదికి రెండుసార్లు రెస్టారెంట్ వీక్ ఉంటుంది. 1992లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ కోసం మొదలుపెట్టి, ఆ ఏటి అంకెనే ధర చేసి 19 డాలర్ల 92 సెంట్లకు లంచ్ పెట్టారు. ధర మారింది గాని, నిర్ణీత ధరకు రెండు మూడు వంటకాలు పెట్టే పద్ధతి కొనసాగుతోంది. అందులో చేరిన చోట్లన్నీ మంచివి కావు. మామూలు రోజుల్లో అందుబాటులో లేనంత ఖరీదైనవాటికే అప్పుడు వెళ్ళాలి, మిగతావాటికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

ఇక అసలు సంగతి, పేట. ఈ ఊళ్ళో తిండి నాణ్యతను తేల్చేది వంటవాడికన్నా ముందు అద్దె. టైమ్స్ స్క్వేర్ పక్కన అద్దె కట్టేవాడు రోజంతా జనాన్ని కూర్చోబెట్టి లేపితేనే బతుకుతాడు. అక్కడికొచ్చేవాడు మళ్ళీ రాడని వాడికి తెలుసు, మళ్ళీ రానివాడి కోసం మనసుపెట్టి వండాల్సిన పని లేదు. అదే క్వీన్స్‌లో ఒక పక్క వీధిలో కొట్టు పెట్టినవాడు, ఆ పేటలో తన దేశంనుంచి వచ్చినవాళ్ళు వారానికి మూడుసార్లు వస్తేనే నిలబడతాడు. వాళ్ళకు ఆ వంట అమ్మమ్మ చేతిలోంచి తెలుసు. వాళ్ళను మోసం చేయలేడు. మన్‌హాటన్‌లోనూ ఇదే సూత్రం చిన్నగా పనిచేస్తుంది: అవెన్యూ మీదకన్నా అడ్డంగా వెళ్ళే వీధుల్లో అద్దె తక్కువ, అక్కడే చేతి పని ఎక్కువ. పర్యాటకులు కిటకిటలాడే పాత చోట్లలో మినహాయింపులు లేకపోలేదు. 1888 నాటి కట్జ్ డెలికెటెసెన్ ఇప్పటికీ మాంసం చేత్తోనే కోస్తోంది. గుమ్మంలో ఇచ్చిన టిక్కెట్టు పట్టుకుని నేరుగా కోసేవాడి దగ్గరికి వెళ్తే, వాడు ముందు ఒక ముక్క రుచి చూడమని ప్లేటులో పెడతాడు. ఆ భవనం వాళ్ళ సొంతం, అందుకే నిలబడగలిగారు. అయితే అక్కడ పేరున్న పాస్ట్రామీ గొడ్డు మాంసం. తినని మనవాళ్ళు తెలుసుకుని వెళ్ళాలి.

టైమ్స్ స్క్వేర్‌లో ఏడో నంబరు రైలెక్కి క్వీన్స్ వైపు వెళ్తే కిటికీలోంచే పేటలు మారడం కనిపిస్తుంది. 74వ వీధి దగ్గర దిగితే జాక్సన్ హైట్స్. ఒకప్పుడు గుజరాతీ, పంజాబీ దుకాణాలదిగా పేరున్న చోటు ఇప్పుడు బంగ్లాదేశీలది, నేపాలీలది, టిబెటన్లది. సాయంత్రం అక్కడి ఫుచ్కా బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పలచని గుల్ల పూరీలకు బొటనవేలితో చిల్లుపెట్టి, మెదిపిన బంగాళదుంప, ఉడికిన బఠానీ, ఉల్లి, పచ్చిమిర్చి కూరి, వరసగా ప్లేటులో పేరుస్తారు. పైన ఉడికించిన కోడిగుడ్డు కోరి చల్లుతారు. చింతపండు పులుసు చిన్న కప్పులో విడిగా ఇస్తారు. ఒక్కో పూరీలో మనమే పోసుకుని, కారకముందే నోట్లో వేసుకోవాలి. శాకాహారులు గుడ్డు వద్దని ముందే చెప్పాలి. చుట్టూ నిలబడి తింటున్నవాళ్ళందరూ బెంగాలీలో మాట్లాడుతుంటే, ఆ బండికి వేరే రేటింగు చూడనక్కర్లేదు.

కొంచెం ముందుకెళ్తే రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద కొలంబియా, ఈక్వడార్, మెక్సికో. కొలంబియాలో న్యాయవాద వృత్తిలో ఉండి వలస వచ్చిన మరియా కానో ఈ వీధిలోనే రాత్రిపూట బండి మీద జొన్నరొట్టెలంత మందంగా మొక్కజొన్న అరెపాలు కాల్చి, మధ్యలో చీజ్ పెట్టి అమ్మింది. ‘అరెపా లేడీ’ అన్న పేరు వీధే పెట్టింది, తరవాత ఆ పేరుతోనే రెస్టారెంట్ వచ్చింది. బండ్ల లైసెన్సులను నగరం 1980లనాటి పరిమితి దగ్గరే దశాబ్దాల తరబడి ఆపేసింది. దాంతో లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర చాటుగా అద్దెకు తీసుకుని బండి నడిపేవాళ్ళు ఎంతోమంది తయారయ్యారు. ఏటా 445 కొత్త లైసెన్సులిచ్చే చట్టం 2021లో వచ్చాకే ఆ ముడి కొంచెం సడలింది. బండ్లకు కూడా ఇప్పుడు అక్షరాల గ్రేడ్లు ఉన్నాయి. బండి మీద తింటే రోగాలొస్తాయని భయపడే పెద్దవాళ్ళకు ఆ అక్షరం చూపించండి.

రైలు చివర ఫ్లషింగ్. 2005లో గోల్డెన్ షాపింగ్ మాల్ నేలమాళిగలో షియాన్ ఊరి నూడుల్స్ అమ్మిన చిన్న కౌంటరే తరవాత ‘షియాన్ ఫేమస్ ఫుడ్స్’ పేరుతో ఊరంతా శాఖలు పెట్టింది. పత్రికలవాళ్ళు అక్కడికి చేరకముందే ఆ పేటలో చైనావాళ్ళు వరసకట్టేవారు. ఇవాళ కూడా ఫ్లషింగ్ మాల్స్‌లోని ఫుడ్ కోర్టుల్లో తిరిగి, ఎక్కడ ముసలివాళ్ళు, పిల్లలు కలిసి కూర్చున్నారో అక్కడ ఆగడమే నా పద్ధతి. అదే ఫ్లషింగ్‌లో, స్టేషన్ నుంచి సుమారు మైలు దూరంలో బౌన్ స్ట్రీట్ మీద గణపతి గుడి ఉంది. 1970లో సంస్థగా ఏర్పడి, 1977లో ప్రతిష్ఠ జరిగింది. గుడి కింది అంతస్తులో క్యాంటీన్. కౌంటర్‌లో డబ్బు కట్టి, నంబరు పిలిచేదాకా ఆగి, ట్రే తెచ్చుకుని పొడుగు బల్లల దగ్గర ఎవరి పక్కనైనా కూర్చోవాలి. శని ఆదివారాల్లో దర్శనానికి వచ్చిన కుటుంబాలతో పాటు, దోసె కోసమే రైలెక్కి వచ్చిన అమెరికన్లూ ఉంటారు. అలంకరణకు మార్కులు వేయాలంటే సున్నా వేయాలి. వేడి దోసె మాత్రం మన్‌హాటన్‌లో మూడింతలు పెట్టినా ఇంతకన్నా బాగా దొరకదు.

క్వీన్స్ దక్షిణాన రిచ్‌మండ్ హిల్ ఉంది. అక్కడ లిబర్టీ అవెన్యూ పొడుగునా గయానా, ట్రినిడాడ్‌ల నుంచి వచ్చిన భారతీయ మూలాలవాళ్ళ హోటళ్ళున్నాయి. 1838 నుంచి చెరుకు తోటల కూలీకి ఓడల్లో తరలించినవాళ్ళ వారసులు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినా, మద్రాసు రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. బరా అనే వేయించిన రొట్టెల మధ్యలో శనగల కూర పెట్టిన ‘డబుల్స్’, పప్పు పొడి కూరి ఒత్తిన దాల్ పూరీ అక్కడ తినాలి. ఇన్ని తరాల తరవాత ఆ పప్పు పొడిలో జీలకర్ర ఎలా నిలిచిందో రుచి చూస్తే తెలుస్తుంది. న్యూజెర్సీలో ఉన్న మన కుటుంబాలు ఇక్కడికి రాకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

సముద్రపు ఒడ్డు నగరం కదా, చేపల సంగతి? ఈ ఓడరేవు నీళ్ళలో పెరిగిన ఆయిస్టర్లు ఒకప్పుడు పేదవాళ్ళ తిండి. మురుగు కలిసి, 1927 నాటికి ఆఖరి పెంపకాలు కూడా మూతపడ్డాయి. ఇప్పుడు తినేవి లాంగ్ ఐలండ్ నుంచో, ఇంకా దూరం నుంచో వచ్చినవి. చేపల టోకు మార్కెట్టు 2005లో మన్‌హాటన్ వదిలి బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్‌కు వెళ్ళింది. నది ఒడ్డున కిటికీ ఉన్నంత మాత్రాన చేప తాజాగా ఉందని అనుకోవద్దు. ఆ దృశ్యానికి వేరే ధర కడుతున్నాం.

శాకాహారుల మాట విడిగా చెప్పాలి, మన ఇళ్ళలో ఎక్కడ తినాలన్న వాదన ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది కాబట్టి. మెనూ మీద ‘వెజిటేరియన్’ అని ఉన్నా థాయ్ కూరలో చేపల సాస్, మెక్సికన్ చిక్కుళ్ళలో పంది కొవ్వు, కూరగాయల సూప్‌లో కోడి రసం, సీజర్ సలాడ్‌లో చిన్న చేపలు ఉండొచ్చు. అడగాల్సింది ‘ఇది వెజిటేరియనా’ అని కాదు, ‘ఇందులో చేపల సాస్ ఉందా, కోడి రసం ఉందా’ అని పేరు పెట్టి. ఇంతకన్నా గట్టి ఉపాయం ఒకటుంది, మనవాళ్ళలో తక్కువమందికి తెలుసు. యూదుల ఆహార నియమం ప్రకారం పాలూ మాంసమూ కలవకూడదు. అందుకని ‘కోషర్ డెయిరీ’ అని బోర్డున్న రెస్టారెంట్ వంటింట్లోకి మాంసం అడుగు పెట్టదు. చేప, గుడ్డు ఉండొచ్చు, అవి రెండూ అడిగి తప్పించుకోవచ్చు. ఒకే గరిటె, ఒకే పెనం అన్న భయం ఉన్న పెద్దవాళ్ళకు ఇంతకన్నా నిశ్చింతైన చోటు లేదు. లెక్సింగ్టన్ అవెన్యూ మీద 20ల వీధుల్లో ఉన్న దక్షిణ భారత శాకాహార హోటళ్ళలోనూ కోషర్ ధ్రువీకరణ తీసుకున్నవి ఉన్నాయి. పక్కబల్ల దగ్గర కిప్పా టోపీ పెట్టుకున్న యూదు కుటుంబం ఇడ్లీ తింటూ కనిపిస్తుంది. చైనాటౌన్‌లో ‘బుద్ధ బోధై’ లాంటి బౌద్ధ శాకాహార హోటళ్ళున్నాయి. ఇథియోపియా వాళ్ళు ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, కాబట్టి వాళ్ళ హోటల్‌లో శాకాహార పళ్ళెం అడిగితే మనసారా వడ్డిస్తారు. టెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి పోసిన ఇంజెరా అట్టు మీద ఎర్ర కందిపప్పు, శనగపిండి కూర, ఆకుకూర కుప్పలుగా పెడతారు. చేత్తోనే తినాలి, అందరూ ఒకే పళ్ళెంలో. అమ్మానాన్నలను కొత్త వంటకు అలవాటు చేయాలంటే నేను మొదట ఇక్కడికే తీసుకెళ్ళమంటాను.

డబ్బు లెక్క కూడా ముందే చూసుకోవాలి. మెనూలో 100 డాలర్లయితే నగరంలో అమ్మకం పన్ను 8.875 శాతం, టిప్పు 20 శాతం కలిసి దాదాపు 129 డాలర్లు అవుతుంది. పన్నును రెండింతలు చేసి టిప్పుగా పెట్టడం పాత న్యూయార్క్ లెక్క, అది 17.75 శాతానికి వస్తుంది. మన దేశంలోలా టిప్పు ఇష్టం ఉంటే ఇచ్చేది అనుకోకూడదు. ఈ రాష్ట్ర చట్టం ప్రకారం సర్వర్‌కు యజమాని కనీస వేతనంలో కొంత తగ్గించి ఇవ్వొచ్చు, ఆ లోటు టిప్పులతో పూడాలి. డానీ మేయర్ అనే పేరున్న యజమాని 2015లో టిప్పులు ఎత్తేసి, ధరలోనే జీతాలు కలిపి చూశాడు. మెనూ ధర చూసి జనం వెనక్కి తగ్గారు, సర్వర్లు వెళ్ళిపోయారు, 2020లో ఆ పద్ధతి వదిలేశాడు. కాబట్టి నచ్చకపోయినా సరే, కూర్చుని తిన్నచోట టిప్పు ఇవ్వాల్సిందే. అది భరించలేమనుకున్న రోజు కౌంటర్ దగ్గర కొనుక్కుని తినే చోటుకు వెళ్ళడమే న్యాయం. కుళాయి నీళ్ళు ఉచితం, ఈ ఊరికి నీళ్ళు క్యాట్‌స్కిల్ కొండల ప్రాంతం నుంచి వస్తాయి, మంచివి. సీసా నీళ్ళకు అవునని తలూపకండి.

మనవాళ్ళు ఈ ఊళ్ళో నిజంగా ఎక్కడ తింటున్నారు? న్యూజెర్సీలో ఉండే ఎక్కువ కుటుంబాలు వారాంతంలో హడ్సన్ నది దాటి రావు. ఎడిసన్, ఐసెలిన్‌లలో ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల బిర్యానీ హోటళ్ళ దగ్గరే ఆగిపోతారు. అక్కడ బిర్యానీ బాగానే ఉంటుంది. కాని ఆ మెనూలు ఒకదానికొకటి అచ్చు: బిర్యానీలు, చికెన్ 65, గోబీ మంచూరియా, నాన్. గోదావరి జిల్లాల పులస సంగతి సరే, ఉలవచారు, జొన్న రొట్టె, సర్వపిండి, పచ్చిపులుసు అడిగితే ఇంకో రోజు రమ్మంటారు.

అదే సమయంలో గ్రీనిచ్ విలేజ్‌లో ‘సెమ్మ’ ఏం చేసిందో చూడండి. 2021లో తెరిచిన ఆ తమిళ రెస్టారెంట్‌లో షెఫ్ విజయ్ కుమార్ తన పల్లెలో పొలాల దగ్గర ఏరుకుని వండుకున్న నత్తల కూరను మెనూలో పెట్టాడు. దానిమీద నూనె, నెయ్యి, క్రీము పోసి ‘ఇండియన్ కర్రీ’గా మార్చలేదు. 2022లో మిషెలిన్ స్టార్ వచ్చింది. 2025లో న్యూయార్క్ టైమ్స్ నగరంలోని వంద మంచి రెస్టారెంట్లలో మొదటి స్థానం దానికిచ్చింది, అదే ఏడు విజయ్ కుమార్‌కు జేమ్స్ బియర్డ్ పురస్కారం దక్కింది. ఇక్కడ బల్ల దొరకడం కష్టం, ధర ఎక్కువ, అయినా ఒక్కసారి వెళ్ళాలంటాను, ముఖ్యంగా హోటల్ పెట్టాలనుకునే తెలుగువాళ్ళు. మన పల్లెల వంట ఈ ఊరికి అర్థం కాదన్న మాట అక్కడ ఒక సాయంత్రం కూర్చుంటే నిలవదు.

ఎడిసన్ హోటల్‌వాడు మంచూరియా వండుతున్నది వాడికి వేరేది రాక కాదు. వంటింట్లో ఉన్నవాళ్ళలో గుంటూరు నుంచి, వరంగల్ నుంచి వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళు తమ కోసం వేరేగా వండుకుంటారు. మనం బల్ల దగ్గర కూర్చుని అడిగేది ఎప్పుడూ అవే నాలుగు వంటకాలు కాబట్టి మెనూ అక్కడే ఆగింది. ఈసారి వెళ్ళినప్పుడు మీ సిబ్బంది మధ్యాహ్నం ఏం తిన్నారు, అది మాకూ పెడతారా అని అడగండి. ఆదివారం కాకుండా జనం పలచగా ఉండే మంగళవారమో బుధవారమో అడిగితే, పెట్టడానికి వాళ్ళకూ వీలుంటుంది.